మెదడు గాయం తరువాత చికిత్సపై ఆసక్తి: రోగిని అడగాలా, ఇంటివారిని అడగాలా, థెరపిస్టు గమనించాలా?

తలకు బలమైన దెబ్బ తగిలి, ప్రాణాపాయం గడిచి, ఫిజియోథెరపీ దాకా వచ్చిన రోగి మంచం దిగడానికి ఇష్టపడకపోతే, కేస్ షీట్‌లో "సహకరించడం లేదు" అన్న మాట చాలా త్వరగా చేరిపోతుంది. ఆ మాట వెనుక సాధారణంగా ఏ కొలతా ఉండదు, కానీ ఒకసారి రాసిన తరువాత దాన్ని చెరపడం కష్టం. కొలిచే సాధనాలు లేకపోలేదు. వాటిలో మూడింటిని పోల్చి చూడవలసిన అవసరం ఇక్కడే కలుగుతుంది.

మొదటిది రోగినే అడిగేది. చెర్విన్‌స్కీ బృందం 1998లో తలగాయమైనవారి కోసమే ప్రకటించిన 'మాట్-క్యూ' ప్రశ్నావళిలో 31 వాక్యాలుంటాయి. ఒక్కొక్క దానితో తాను ఎంతవరకు ఏకీభవిస్తాడో రోగి చెప్పాలి. చికిత్సపై ఆసక్తి, నిపుణుల సాయంపై నమ్మకం ఎంత ఉన్నాయన్నదే కాక, తనకు లోపం ఉందని ఒప్పుకోకపోవడం, కోపం అనే రెండు అడ్డంకులను కూడా ఇది విడివిడిగా చూస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అదే. అయితే దీని బలహీనత కూడా అక్కడే ఉంది. మెదడు దెబ్బతిన్నందువల్ల తన లోపం తనకే తెలియని స్థితిని వైద్యులు అనోసోగ్నోసియా అంటారు. ఆ స్థితిలో "నాకేమీ కాలేదు" అనే రోగి అబద్ధమాడడం లేదు, మొండికేయడమూ లేదు. మాట పడిపోయినవారికి, నాలుగు వాక్యాలు వినేలోపు మొదటిది మరచిపోయేవారికి ఈ ప్రశ్నావళి పనికిరాదు. పైగా ఎదురుగా కూర్చున్నది డాక్టరుగారైతే, మనలో చాలామంది ఏ ప్రశ్నకైనా "అలాగేనండి" అంటారు.

రెండవది ఇంటివారి మాట. మారిన్ 1991లో రూపొందించిన నిరాసక్తత కొలమానంలో 18 అంశాలుంటాయి. రోగికి, దగ్గరివారికి, వైద్యునికి వేర్వేరు ప్రతులున్నాయి. రోగి మునుపు ఎలా ఉండేవాడో భార్యకో తల్లికో తెలిసినట్లు మరెవరికీ తెలియదు. కుంగిపోయిన మనిషికి బాధ ఉంటుంది, నిరాసక్తత కమ్మినవానికి ఆ బాధ కూడా ఉండకపోవచ్చు. ఆ తేడా పట్టుకోవడానికి ఇంటివారి సాక్ష్యం ఎంతో అవసరం. కానీ ఇది మొత్తం జీవితంలోని నిరాసక్తతను కొలుస్తుంది, చికిత్సపై ఇష్టాన్ని ప్రత్యేకంగా కొలవదు. మన ఇళ్లలో మరొక చిక్కు ఉంది: రోగి చేయి చాపకముందే అన్నం కలిపి నోట్లో పెట్టే ప్రేమ, అతడు తానుగా ఏదైనా మొదలుపెట్టగలడా అన్నది కనబడనివ్వదు.

మూడవది పిట్స్‌బర్గ్ పునరావాస భాగస్వామ్య కొలమానం. లెంజ్ బృందం 2004లో ప్రకటించిన దీనిని తలగాయాల కోసం ప్రత్యేకంగా తయారుచేయలేదు. రోగి వ్యాయామంలో ఎంతవరకు పాల్గొన్నాడో థెరపిస్టు ప్రతి సెషన్ తరువాత 1 నుంచి 6 వరకు ఒక అంకె వేస్తాడు. సెషన్ మొత్తాన్ని నిరాకరిస్తే 1. 5కు, 6కు మధ్య ఉన్న తేడా గమనించదగ్గది: రెండింటిలోనూ రోగి పూర్తి శక్తితో అన్నీ పూర్తిచేస్తాడు, కానీ 5లో చెప్పినట్టు చేస్తాడు, 6లో తానే ఆసక్తి చూపుతాడు. మాట రానివారిని కూడా ఇలా కొలవవచ్చు, క్షణాల్లో అయిపోతుంది. కారణం మాత్రం ఇది చెప్పదు. నిన్నటి 4 ఈరోజు 2 అయితే అది నొప్పి వల్లనో, నిద్రలేమి వల్లనో, ఫిట్స్ మందు మత్తు వల్లనో విడిగా వెతకాలి.

ఒక్కటే ఎంచుకోమంటే నేను మూడవదాన్నే ఎంచుకుంటాను. ఆసక్తి రోజురోజుకూ మారేది కాబట్టి, చేరిన రోజున వేసిన ఒక్క మొత్తం కన్నా రెండు వారాల అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. అంకె పడిపోయినప్పుడు ఇంటివారిని అడగాలి. రోగి వాక్యాలను గుర్తుంచుకోగల స్థితికి వచ్చాక మాట్-క్యూను అతని ముందు పెట్టాలి, అదీ మొత్తం లెక్కించడానికి కాక ఒక్కొక్క వాక్యం మీద మాట్లాడడానికి.

మూడింటినీ కలిపి సగటు తీయడం మాత్రం తప్పు, ఎందుకంటే వాటి మధ్య తేడాయే పనికివచ్చే సమాచారం. రోగి తనకెంతో ఆసక్తి ఉందని చెబుతూ సెషన్‌లో 2 దగ్గరే ఆగిపోతుంటే, కోరిక ఉండి కూడా పని మొదలుపెట్టలేకపోతున్నాడేమో చూడాలి. అలాంటప్పుడు నిర్ణీత వేళ, చిన్న చిన్న అంచెలు, పక్కనుంచి ఒక మాట సాయం చేస్తాయి. నమ్మకం లేదంటూనే 5 తెచ్చుకుంటున్న రోగికి, ఆ వేళ్ల వ్యాయామం తన చొక్కా గుండీ తానే పెట్టుకోవడానికేనని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.