సొంతూరి స్టేడియమా, ఎమిరేట్సా, టీవీయా: ఏది మేలు?

ఇంగ్లండ్‌లో నేనుండే ఊరు రెడింగ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు ఎక్కడ కలిసినా నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఫుట్‌బాల్ సీజన్ టికెట్ తీసుకుంటే గిట్టుబాటవుతుందా? హాయిగా ఇంట్లో టీవీలో చూసుకోవడం నయం కదా?" సీజన్ టికెట్ అంటే, జట్టు సొంత స్టేడియంలో ఆడే (హోం) లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఏడాదంతా ఒకే సీటు. అడిగేవాళ్లలో చాలామంది నాలాగే హాస్టల్ టీవీ గదిలో ఈ ఆటకి అలవాటు పడ్డవాళ్లు. ఒకరికి మాంచెస్టర్ యునైటెడ్, ఒకరికి లివర్‌పూల్. నాకు ఆర్సెనల్. 2003-04లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచిన జట్టది. హెన్రీ ఎడమ పక్క నుంచి లోపలికి దూసుకొస్తుంటే గదిలో అందరం లేచి నిలబడేవాళ్లం. ఇంగ్లండ్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది వాళ్ల స్టేడియమే.

ఇప్పుడు నా దగ్గరున్నవి రెడింగ్ ఎఫ్‌సీ సీజన్ టికెట్లు. ఒకటి నాది, ఒకటి మా తొమ్మిదేళ్ల వాడిది. ఈ సీజన్‌కి డబ్బు కట్టే ముందు నేనూ మా ఆవిడా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అన్నీ లెక్క చూసుకున్నాం. అడిగినవాళ్లందరికీ ఆ లెక్కే చెబుతున్నాను.

ముందు లండన్‌లో ఆర్సెనల్ సొంత స్టేడియం ఎమిరేట్స్ సంగతి. అరవై వేలకి పైగా సీట్లున్న స్టేడియం, ఆర్సెనల్ పేరుతోనే ట్యూబ్ (లండన్ మెట్రో) స్టేషన్. మెట్లెక్కి పైకొచ్చి ఆ పచ్చటి మైదానాన్ని మొదటిసారి కళ్లారా చూసినప్పుడు నా గొంతు పూడుకుపోయింది. ఇరవై ఏళ్లు టీవీలో చూసింది ఒక్కసారిగా నిజమై ముందు నిలబడితే ఏ అభిమానికైనా అంతే. జీవితంలో ఒక్కసారైనా వెళ్లాలి. అందులో రెండో మాట లేదు.

కానీ ఒకసారి వెళ్లడం వేరు, ఏడాదంతా వెళ్లడం వేరు. అక్కడ సీజన్ టికెట్ డబ్బుంటే దొరికే వస్తువు కాదు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దొరికినా, అన్నిటికన్నా చవక సీటుకే వెయ్యి పౌండ్ల పైమాట. ఆ వరుసలో లేని మనలాంటి వాళ్లం సభ్యత్వానికి డబ్బు కట్టి మ్యాచ్ మ్యాచ్‌కీ లాటరీలో పేరు వేసుకోవాలి. పేరు వస్తే టికెట్ కొనుక్కునే అవకాశం వచ్చినట్టు, అంతే. తండ్రీకొడుకులకి పక్కపక్క సీట్లు కావాలంటే ఇంకా కష్టం.

ధరల విషయంలో ఇక్కడి అభిమానుల కడుపుమంట మనం అర్థం చేసుకోవాలి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్‌లో కొత్త స్టాండులో టికెట్ ధర 77 పౌండ్ల దాకా పెంచుతామని ప్రకటిస్తే, సండర్‌లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి వాళ్ల జట్టు 2-0తో ముందుంది. చివరికి మ్యాచ్ 2-2తో ముగిసింది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ పెంపును వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఇంగ్లండ్ మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి జట్టుతో వచ్చే అభిమానులకి టికెట్ 30 పౌండ్లు మించకూడదని నియమం పెట్టారు. సొంత ఊరి అభిమానికి మాత్రం అలాంటి కట్టుబాటు లేదు. రెండు వారాలకొకసారి వచ్చి గొంతు చించుకునేవాడి మీదే ఎక్కువ భారం వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక టీవీ. 2025-26 సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో కనీసం 215 మ్యాచ్‌లు స్కైలో, 52 మ్యాచ్‌లు టీఎన్‌టీలో వస్తున్నాయి. లైవ్ టీవీ చూడాలంటే లైసెన్స్ ఉండాలి, 2025లో దానికి ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది. రెండు చానెళ్ల చందాలూ కలుపుకుంటే టీవీ చవక అన్న మాట అంత తేలిగ్గా అనలేం. అయినా ఆట అర్థం కావాలంటే టీవీకి సాటిలేదని ఒప్పుకుంటాను. ఆఫ్‌సైడ్ అవునో కాదో నాలుగు కోణాల్లో చూపిస్తారు. స్టేడియంలో ఉన్నవాడికి గోల్ ఎవరు కొట్టారో కూడా ఒక్కోసారి వెంటనే తెలియదు. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు, శనివారాలు డ్యూటీ ఉన్నవాళ్లు టీవీతో తృప్తిపడటమే మేలు.

అయితే ఈ దేశంలో టీవీకి ఒక పెద్ద లోటుంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నీ ఇక్కడ లైవ్‌లో చూపించరు. 1960లలో బర్న్లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి తెచ్చిన పద్ధతి ఇది. పెద్ద మ్యాచ్ టీవీలో వస్తుంటే చిన్న ఊళ్ల స్టేడియంలకి ఎవరూ వెళ్లరన్నది ఆయన భయం. అందువల్ల ఏమవుతుందంటే, శనివారం మూడింటికి లండన్‌లో ఆర్సెనల్ ఆడుతుంటే హైదరాబాద్‌లో మా తమ్ముడు రాత్రి ఎనిమిదిన్నరకి భోజనం ముందు పెట్టుకుని లైవ్ చూస్తాడు. నలభై మైళ్ల దూరంలో ఉన్న నాకు మాత్రం స్కోరు తప్ప ఏమీ కనబడదు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది విని నమ్మరు. నాకు మాత్రం ఆ పద్ధతి మంచిదే అనిపిస్తుంది. నన్ను మా ఊరి స్టేడియానికి నడిపించింది అదే కాబట్టి.

లెక్కలో అసలు తేల్చేది టికెట్ ధర కాదు, మీరు నిజంగా ఎన్ని మ్యాచ్‌లకి వెళ్లగలరన్నది. ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లు, అంటే ఏడాదికి 19 హోం లీగ్ మ్యాచ్‌లు. అందరూ ధరని పందొమ్మిదితో భాగించి "మ్యాచ్‌కి ఇంతే కదా" అనుకుంటారు. అది తప్పుడు లెక్క. టీవీ కోసం శనివారం మ్యాచ్ ఆదివారం నాలుగున్నరకో, సోమవారం రాత్రి ఎనిమిదింటికో మారిపోతుంది. సోమవారం రాత్రి మ్యాచ్ అయ్యేసరికి పది. అక్కడి నుంచి ట్యూబ్‌లో పాడింగ్టన్, అక్కడ రెడింగ్ రైలు, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లాణ్ని తీసుకుని అది చేయలేం. నా లెక్కలో ఎమిరేట్స్‌కి ఏడాదంతా కష్టపడినా తొమ్మిదో పదో మ్యాచ్‌లు. దానికి రైలు చార్జీలు కలపండి. ఇంటి నుంచి ఇంటికి ఒక రోజంతా పోతుంది, అదీ కలపండి.

రెడింగ్ ఆడేది లీగ్ వన్‌లో, అంటే మూడో అంచె. 24 జట్లు, 23 హోం మ్యాచ్‌లు. స్టేడియం ఊరి శివార్లలో, ఎం4 మోటార్‌వే పక్కన ఉంటుంది. మా ఇంటి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. శనివారం అన్నం తిని రెండింటికి బయల్దేరితే ఐదున్నరకి మళ్లీ ఇంట్లో ఉంటాం. గత సీజన్‌లో 23కి 18 మ్యాచ్‌లకి వెళ్లాం. నా సీటు ఎమిరేట్స్ చవక సీటు ధరలో సగం లోపే, మావాడిది ఇంకా చాలా తక్కువ. కొనే టికెట్‌ని వాడుకోగలగడమే గిట్టుబాటు.

డబ్బు లెక్క అక్కడితో అయిపోయింది. నన్ను మళ్లీ మళ్లీ తీసుకెళ్లేది వేరే.

మా సీట్లు కింది వరుసల్లో, టచ్‌లైన్‌కి దగ్గరగా ఉంటాయి. ఒకరోజు మావాడు నా చెయ్యి లాగి, "నాన్నా, నంబర్ త్రీ చూడు, బాల్ వాడి దగ్గరికి రాకముందే వెనక్కి చూస్తున్నాడు" అన్నాడు. నేనూ చూశాను. నిజమే. బంతి అవతలి పక్క ఉండగానే ఆ లెఫ్ట్ బ్యాక్ ఒకసారి కుడి భుజం మీదుగా, మళ్లీ ఎడమ భుజం మీదుగా తల తిప్పి చూసుకుంటున్నాడు. బంతి కాలికి తగిలేసరికి దాన్ని ఎక్కడికి పంపాలో వాడికి ముందే తెలుసు. ఇరవై ఏళ్లు టీవీలో ఆట చూసినా నేను అది గమనించలేదు. కెమెరా బంతి వెంటే పోతుంది కదా, బంతి లేని ఆటగాడు ఏం చేస్తున్నాడో ఎలా కనబడుతుంది? మర్నాడు పొద్దున పార్కులో పిల్లల జట్టుకి ఆడుతూ మావాడు అచ్చం అలాగే తల తిప్పి చూశాడు. కోచ్ గట్టిగా మెచ్చుకుంటే వాడి ముఖం వెలిగిపోయింది. ఆ ఒక్క శనివారానికే నా డబ్బు మొత్తం తిరిగొచ్చిందనుకున్నాను.

కింది వరుసల్లో గోల్‌కీపర్ అరుపులు కూడా వినబడతాయి. ఎవడు ఎక్కడ నిలబడాలో తొంభై నిమిషాలూ చెబుతూనే ఉంటాడు. చలికాలంలో ఆటగాళ్ల ఊపిరి పొగలా కనబడుతుంది.

ఇంకొకటి, పక్క సీటు. సీజన్ టికెట్ అంటే మీ సీటే కాదు, మీ పక్కవాడి సీటు కూడా మారదు. మా కుడి పక్కన డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు కూర్చుంటారు. 2005-06లో రెడింగ్ రెండో అంచెలో 106 పాయింట్లతో రికార్డు సాధించి తొలిసారి ప్రీమియర్ లీగ్‌కి వెళ్లిన సీజన్ గురించి ఆయన చెబుతుంటే మావాడు నోరు తెరుచుకుని వింటాడు. ఆయన కాగితం సంచీలోంచి మిఠాయి బిళ్లలు ఇస్తారు, మా ఆవిడ కట్టిచ్చిన జంతికలు మేం ఆయనకి ఇస్తాం. ఒకసారి మావాడికి జ్వరమొచ్చి నేనొక్కణ్నే వెళ్తే, ఆట మొదలైనా ఆయన ఆ ఖాళీ సీటువైపే చూస్తూ "బాగానే ఉన్నాడు కదా?" అని రెండుసార్లు అడిగారు. ఈ ఊళ్లో ఆఫీసు, మనవాళ్లు కాకుండా నన్ను పేరుపెట్టి పిలిచే మొదటి మనిషి ఆయన. లాటరీ టికెట్‌తో ఎమిరేట్స్‌కి వెళ్తే ప్రతిసారీ కొత్త సీటు, కొత్త ముఖాలు.

"మరి ఆట స్థాయి సంగతేంటి?" అంటారు. తేడా ఉంది, దాచడం ఎందుకు. పాస్‌లు తప్పుతాయి, వర్షంలో బంతి గాల్లోనే ఎక్కువ ఉంటుంది. బాధలూ ఉన్నాయి. రెడింగ్ 2023లో మూడో అంచెకి పడిపోయింది. అప్పటి యజమాని హయాంలో డబ్బు చెల్లింపుల తప్పులకి జట్టు పాయింట్లు మళ్లీ మళ్లీ కోసేశారు. 2024 జనవరి 13న పోర్ట్ వేల్‌తో మ్యాచ్‌లో అభిమానులు టెన్నిస్ బంతులు విసిరి, మైదానంలోకి దిగి నిలబడ్డారు. మ్యాచ్ ఆగిపోయింది. ఆ రోజుల్లో మా చుట్టూ వరుసల్లో ఒకటే చర్చ: టికెట్ కొంటే ఆ డబ్బు ఎవరి చేతికి పోతోంది, కొనకపోతే జట్టు బతుకుతుందా? నేను వెళ్తూనే ఉన్నాను. ఖాళీ కుర్చీల ముందు ఆడే కుర్రాళ్లు చేసిన తప్పేమీ లేదనిపించింది. 2025 మేలో క్లబ్ చేతులు మారింది. ఆ సీజన్‌లో అంత టెన్షన్ మధ్య కూడా ఏడో స్థానం దాకా వచ్చి ఆగారు. ఆరో స్థానం దక్కితే పై అంచెకి వెళ్లడానికి జరిగే ప్లేఆఫ్స్‌ ఆడేవాళ్లు.

ఈ మాట మా తమ్ముడితో అంటే వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాడు గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకి వెళ్లేవాడు. 2022 మార్చిలో గోవాలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కేరళ జట్టు మీద ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన జట్టు అది. మరుసటి సంవత్సరాల్లో డబ్బు కష్టాల్లో కూరుకుపోయి, చేతులు మారి, 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. "అన్నయ్యా, నువ్వు గిట్టుబాటు లెక్కలు వేస్తున్నావు. లెక్క వేసుకోవడానికి నాకు జట్టే లేదు" అన్నాడు. వాడి దగ్గర పసుపు రంగు జెర్సీ ఇంకా ఉంది.

మిగతా దారులు రెండు ముక్కల్లో. భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ టికెట్లు, ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఒకసారికి సరే. మధ్యవర్తుల దగ్గర ఎక్కువ ధరకి కొనకండి. ఇక్కడ ఫుట్‌బాల్ టికెట్లు అనుమతి లేకుండా అమ్మడం నేరం, గేటు దగ్గర ఆపేస్తే డబ్బు పోయినట్టే. ఎమిరేట్స్ చూడాలన్న కోరిక పిల్లలకి తీర్చాలంటే ఆర్సెనల్ మహిళల మ్యాచ్‌కి తీసుకెళ్లండి. 2025లో యూరప్ క్లబ్బుల మహిళల ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టు, టికెట్ చాలా చవక, తేలిగ్గా దొరుకుతుంది.

కాబట్టి నా మాట: ఆర్సెనల్‌ని టీవీలో చూడండి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఎమిరేట్స్‌కి వెళ్లండి, సీజన్ టికెట్ మాత్రం మీ ఊరి జట్టుదే తీసుకోండి. రెడింగే కానక్కర్లేదు. మిల్టన్ కీన్స్‌లో ఉన్నవాళ్లకి అక్కడి జట్టుంది, స్విండన్‌లో ఉన్నవాళ్లకి స్విండన్ ఉంది. డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. జనవరిలో ఒక మంగళవారం రాత్రి మ్యాచ్‌కి విడి టికెట్ కొని వెళ్లండి. లోపల రెండు స్వెటర్లు, పిల్లలకి చేతితొడుగులు మర్చిపోవద్దు. వర్షం పడుతుంటే మరీ మంచిది. మ్యాచ్ అయ్యాక బస్సులో పిల్లాడు మళ్లీ ఎప్పుడు వద్దామని అడిగాడా, మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్లే ఓపిక మీకు మిగిలిందా, ఆ రెండూ చూసుకుని వసంతంలో టికెట్ల అమ్మకం మొదలైన వారంలోనే కొనేయండి. ముందు కొన్నవాళ్లకి ధర కాస్త తక్కువ, కింది వరుసలూ దొరుకుతాయి.