అతికించిన ఉంగరపు వేలు: ఏళ్ల తరబడి వాడాక

గేటు మేకుకో, లారీ బాడీ కొక్కేనికో ఉంగరం తగులుకుని ఊడిన వేలిని మైక్రోస్కోపు కింద అతికించాక అది ఎంతవరకు పనికొస్తుంది? బకెట్ పట్టుకోవడానికి, బండి హ్యాండిల్‌కి, స్క్రూడ్రైవర్‌కి బాగానే పనికొస్తుంది. చొక్కా గుండీ మాత్రం కళ్లతో చూస్తూ పెట్టుకోవాలి. నరం రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పెరుగుతుంది, కొసకు చేరడానికి నెలలు పడుతుంది. చేరాక కూడా స్పర్శ మందంగానే ఉంటుంది. ఈలోగా వేడి గిన్నె అంటుకున్నా తెలియదు, పొయ్యి దగ్గర జాగ్రత్త.

అన్నిటికన్నా విసిగించేది చలి. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాద్‌లో బండి తీస్తే వేలు పాలిపోయి సలుపుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా పట్టుకున్నా అంతే. కాలం గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోతుందని ఆశపెట్టుకోవద్దు. ఉన్ని గ్లవ్ కొనుక్కోండి.

చివరి కణుపు వంగదు. ఉంగరం లాగినప్పుడు ఎముక చాలావరకు అక్కడే విడిపోతుంది, కే-వైర్ (సన్నటి ఉక్కు తీగ) వేసి ఆ కీలును కదలకుండా కలిపేస్తారు. దాంతో పెద్ద నష్టం లేదు. చూడాల్సింది మధ్య కణుపు. దాన్ని వంచే స్నాయువు నడిమి ఎముకకు అతుక్కుని ఉంటుంది. అది చెక్కుచెదరకపోతే అతికించడం దండగ కాదు. అరచేతికి దగ్గరగా తెగితే లెక్క మారుతుంది: బిగుసుకుపోయిన వేలు పక్క వేళ్లకు అడ్డం తగులుతుంది. అప్పుడు వేలిని మొదలంటా తీసేసి త్వరగా పనిలోకి వెళ్లడమే నయమని నా అభిప్రాయం. 1981లో అమెరికా సర్జన్ అర్బానియక్ ఈ గాయాలను మూడు తరగతులు చేసినప్పుడు, పూర్తిగా ఊడిన మూడో తరగతికి వేలు తీసేయడమే మేలన్నాడు. చెడిన నాళం బదులు సిర ముక్క అతికే పద్ధతి మెరుగయ్యాక ఆ మాట అంత కచ్చితంగా నిలబడలేదు.

ఆపరేషన్ కష్టమంతా రక్తనాళాల్లోనే. కత్తి ఒకచోట కోస్తుంది. ఉంగరం తోలును తొడుగులా ఒలిచేస్తూ ధమనిని సాగదీసి తెంపుతుంది. పైకి బాగానే కనిపించినా నాళం లోపలి పొర చాలా దూరం చిట్లి ఉంటుంది. దాన్ని అలాగే కుడితే రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. అందుకే చెడినంత మేర కోసేసి, ముంజేతి నుంచి సన్నటి సిర ముక్క తీసి, కవాటాలు అడ్డం రాకుండా తిరగేసి వేస్తారు. నాళం వెడల్పు 1 మి.మీ. అటూ ఇటూ. కుట్టే 10-0 నైలాన్ దారం తలవెంట్రుక కన్నా సన్నం.

మొదటి వారం రంగు చూస్తూ ఉండాలి. తెల్లగా చల్లబడితే ధమని మూసుకుంది, నర్సును వెంటనే పిలవండి. ఊదారంగుకు తిరిగి ఉబ్బితే సిరల్లోంచి రక్తం వెనక్కి పోవడం లేదు, జలగలు పెడతారు. వాటి కడుపులో ఉండే ఏరోమొనాస్ అనే బాక్టీరియా వల్ల ఇన్‌ఫెక్షన్ రావచ్చు కాబట్టి తోడుగా యాంటీబయాటిక్ ఇస్తారు. సిగరెట్ వాసన కూడా దగ్గరికి రానివ్వొద్దు, నాళాలు ముడుచుకుంటాయి.

ఊడిన ముక్కను సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐస్ నీళ్లలో ఉంచాలి. నేరుగా ఐస్ మీద పెడితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. వేలిలో కండరం లేదు కనుక చల్లగా ఉంటే 24 గంటలైనా ఆగుతుంది, మామూలు వేడిలో 6 నుంచి 12 గంటలే. కాస్త తోలుతో వేలాడుతుంటే తెంపకండి, ఆ తోలులో సిర మిగిలి ఉండొచ్చు.

ఫిజియో చెప్పిన వ్యాయామం బద్ధకిస్తే స్నాయువు చుట్టూ ఉన్న కణజాలానికి అంటుకుపోతుంది. దాన్ని విడిపించడానికి నెలల తర్వాత ఇంకో ఆపరేషన్, మళ్లీ అదే వ్యాయామం.