పదమూడేళ్ళ చిన్న కెమెరా: దాని అలకలు, నా తిప్పలు

2012 దసరాకి విశాఖపట్నంలో ఏడున్నర వేలు పెట్టి కొన్న కెమెరా ఇది. చొక్కా జేబులో పట్టేస్తుంది. 16 మెగాపిక్సెళ్ళు, 5 రెట్ల జూమ్, సీసీడీ రకం సెన్సర్ (వెలుగుని ఫోటోగా మార్చే ముక్క), వెనక 2.7 అంగుళాల తెర. కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే జబ్బుల్లో చాలా వరకు ఆ రోజుల్లో వచ్చిన ఏ చిన్న కెమెరాకైనా వచ్చేవే. అప్పట్లో ఇవి కుప్పలు తెప్పలుగా ఉండేవి. 2010 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వెళ్ళాయి. ఆ తర్వాత ఫోన్లు వచ్చి వాటి దుకాణం కట్టేశాయి.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా అక్క కూతురు కాలేజీ నుంచి వచ్చి, "మావయ్యా, నీ దగ్గర పాత డిజిక్యామ్ ఉందట కదా, ఇస్తావా?" అంది. పదేళ్ళ కిందట "ఈ డబ్బా ఇంకా ఎందుకు?" అన్నది కూడా ఆ పిల్లే. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ దాని అలకలు తెలియకుండా ఇస్తే రెండో రోజే "పాడైపోయింది" అని తిరిగొస్తుంది. ఆ పిల్లకి చెప్పినవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు లెన్స్ సంగతి. చిన్న కెమెరాల ప్రాణం అంతా అందులోనే ఉంటుంది, ప్రాణం పోయేదీ అక్కడే. 2015లో యారాడ బీచ్‌కి వెళ్ళాం. కెమెరాని పౌచ్‌లో పెట్టకుండా తడి తువ్వాలుతో పాటు సంచిలో పడేశాను. సాయంత్రం ఆన్ చేస్తే లెన్స్ సగం దాకా వచ్చి "గర్ర్... టక్ టక్" అని ఆగింది. తెర మీద "లెన్స్ ఎర్రర్" అని పడి, మూడు సార్లు బీప్ కొట్టి ఆరిపోయింది. నేనేం చేశానో చెబితే సిగ్గుచేటు. వరసగా పదిసార్లు ఆన్ బటన్ నొక్కాను. అది అస్సలు చేయకూడని పని.

లోపల జరిగేది ఇదీ. లెన్స్ అంటే ఒకదానిలో ఒకటి దూరి ఉండే గొట్టాలు. చిన్న మోటారు, బియ్యపు గింజంత ప్లాస్టిక్ పళ్ళచక్రాలు వాటిని ముందుకీ వెనక్కీ నడుపుతాయి. అనుకున్న సమయానికి గొట్టం అనుకున్న చోటికి చేరకపోతే, మోటారు కాలిపోకుండా కెమెరా తనంతట తనే ఆపేస్తుంది. అంటే ఆ ఎర్రర్ కెమెరాకి రక్షణే. మనం మళ్ళీ మళ్ళీ నొక్కితే ఇసుక రేణువు ఇంకా లోపలికి వెళుతుంది, పళ్ళు అరుగుతాయి.

ఆ రాత్రి ఇంటికొచ్చాక బ్యాటరీ, కార్డు తీసేసి టేబుల్ మీద తెల్ల కాగితం పరిచాను. లెన్స్‌ని కిందికి తిప్పి పట్టుకుని, అరచేత్తో వెనక మెల్లగా తట్టాను. మెడికల్ షాపులో చెవి కడగడానికి అమ్మే రబ్బరు బుడగ ఒకటి ఇంట్లో ఉంటే, దాంతో గొట్టం చుట్టూ ఉన్న సందులోకి గాలి కొట్టాను. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. తర్వాత బస్సు టికెట్ కాగితాన్ని పొడుగ్గా మడిచి, ఆ సందులో చుట్టూ ఒకసారి తిప్పాను. తెల్ల కాగితం మీద రెండు రేణువులు పడ్డాయి, ఒకటి మెరుస్తోంది. బ్యాటరీ పెట్టి, లెన్స్ నేల వైపు చూస్తుండగానే ఆన్ చేశాను. ఒకసారి మూలిగి, తెరుచుకుంది.

ఇంకో చిన్న కిటుకు. లెన్స్ ఇరుక్కున్నా, వెనక ఫోటోలు చూసుకునే బటన్ నొక్కి ఆన్ చేస్తే చాలా కెమెరాల్లో లెన్స్ కదలదు. తెర వెలుగుతుంది. ముందు ఏం తీశామో చూసుకోవచ్చు, కేబుల్ పెట్టి కంప్యూటర్‌కి ఎక్కించుకోవచ్చు. రిపేరుకి ఇచ్చే ముందు ఆ పని చేయండి.

2019లో బీరువా మీద నుంచి పడింది. ఈసారి కాగితంతో తేలే వ్యవహారం కాదు, లెన్స్ గొట్టం ఒక పక్కకి ఒరిగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో లెన్స్ మొత్తం మార్చాలని నాలుగు వేలు చెప్పారు. "ఆ డబ్బుతో ఇంకోటి వచ్చేస్తుంది కదండీ" అని వాళ్ళే సలహా ఇచ్చారు. పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళితే, గాడిలోంచి జారిన పిన్నుని మళ్ళీ కూర్చోబెట్టి ఎనిమిది వందలు తీసుకున్నాడు. అప్పటి నుంచి జూమ్ చేసినప్పుడల్లా చిన్నగా కీచుమంటుంది, వీడియోలో వినిపిస్తుంది కూడా. నాకు అలవాటైపోయింది.

స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే విప్పుదామనుకుంటే మాత్రం వద్దు. ఫ్లాష్ కోసం లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. అందులో సుమారు 300 వోల్టులు నిలవ ఉంటాయి. బ్యాటరీ తీసేసినా చాలాసేపు పోవు. నా స్నేహితుడు ఒకడు యూట్యూబ్ చూసి విప్పి, చేతిలోని కెమెరాని గోడకి విసిరేశాడు. కోపంతో కాదు, షాక్ కొట్టి.

బ్యాటరీ విషయానికొస్తే, కెమెరాతో వచ్చే పుస్తకంలో ఇచ్చే "ఇన్ని ఫోటోలు వస్తాయి" అనే లెక్కకి ఒక పద్ధతి ఉంది. అర నిమిషానికి ఒక ఫోటో, ఫోటో విడిచి ఫోటోకి ఫ్లాష్, ప్రతిసారీ జూమ్, పది ఫోటోలకోసారి ఆఫ్ చేసి ఆన్ చేయడం, ఇలా పరీక్షించి అంకె వేస్తారు. మనం పెళ్ళిలో తెర వెలిగించి పెట్టుకుని పదిమందికి చూపిస్తూ కూర్చుంటే ఆ లెక్క రాదు. నాకు మొదట్లో 200 దాకా వచ్చేవి. ఆరేడేళ్ళకి ఇరవై ఫోటోలకే ఎర్ర గుర్తు మొదలైంది.

బ్యాటరీ ముసలిదైపోయిందని కొత్తది కొన్నాను. అదీ అంతే! అప్పుడు బ్యాటరీ గది మూత తీసి టార్చి వేసి చూస్తే, లోపలి రాగి రంగు పత్తీల మీద సన్నగా ఆకుపచ్చ చిలుము. మాది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది, ఈ పత్తీలు ఎంత? కొత్త పెన్సిల్ రబ్బరుని బ్లేడుతో సన్నగా కోసి, బ్యాటరీ మీది పసుపు చుక్కల్ని, లోపలి పత్తీల్ని మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు బుడగతో ఊదేశాను. పాత బ్యాటరీయే మళ్ళీ 110 ఫోటోలు ఇచ్చింది. కొత్తదానికి పెట్టిన డబ్బు అనవసరం అనుకున్నాను కానీ, తర్వాత రెండూ పనికొచ్చాయి.

చవకలో దొరికే డూప్లికేట్ బ్యాటరీలు ఒకసారి ప్రయత్నించాను. ఎండాకాలం కారులో వదిలేస్తే ఉబ్బి గదిలో ఇరుక్కుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని పొడవకూడదు, పిన్నుతో పీకకూడదు. నేను మూత తెరిచి పెట్టి, చల్లబడ్డాక తలకిందులు చేసి తట్టి తీశాను, మళ్ళీ ఛార్జింగ్ పెట్టలేదు. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి గానీ, పూర్తిగా నింపి గానీ పెట్టొద్దు. సగం ఛార్జింగ్‌తో తీసి విడిగా పెట్టండి.

విడిగా పెడితే ఇంకో తంటా. తేదీ పోతుంది. గడియారం నడపడానికి లోపల బుల్లి బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది పెద్ద బ్యాటరీ నుంచే ఛార్జ్ అవుతుంది. కొన్ని వారాలు ఆహారం లేకపోతే అదీ పడుకుంటుంది, కెమెరా తిరిగి 2012 జనవరి 1కి వెళ్ళిపోతుంది. నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ వేసి ఒక రోజంతా కదపకుండా ఉంచితే అది మళ్ళీ కోలుకుంటుంది, అప్పుడు తేదీ సరిచేయాలి. నేను ఆ పని చేయలేదు, తెర మీద తేదీ అడిగితే "తర్వాత" అని దాటేశాను. ఫలితంగా మా తమ్ముడి కొడుకు అన్నప్రాసన ఫోటోలు, ఆ పిల్లాడి తల్లిదండ్రుల పెళ్ళి ఫోటోల కంటే ముందు వచ్చి కూర్చున్నాయి. మా మరదలు ఇప్పటికీ దెప్పుతుంది.

కార్డు ఇబ్బందుల్లో సగం నిజానికి ఇబ్బందులే కావు. "కార్డు లాక్ అయింది" అని వస్తే, కార్డు ఎడమ పక్కన ఉండే గోరంత మీటని పైకి జరపండి. అంతే. కార్డు సైజు గుర్తుపట్టకపోతే కెమెరా వయసు చూడండి. 2006 ప్రాంతంలో ఎస్‌డీహెచ్‌సీ అనే, ఎక్కువ పట్టే కార్డుల రకం వచ్చింది. అంతకు ముందు కెమెరాలకి 2 జీబీ దాటితే దిక్కు తోచదు. ఎస్‌డీహెచ్‌సీ మాత్రమే తీసుకునే కెమెరా 32 జీబీ దగ్గర ఆగిపోతుంది, 64 జీబీ కార్డు వేసి "పాడైంది" అనుకోవద్దు. నాది ఆ రకమే. అందులో ఇప్పటికీ 8 జీబీ కార్డే ఉంది, దానికే వెయ్యికి పైగా ఫోటోలు పడతాయి.

అసలు ఇబ్బంది 2016లో అనకాపల్లిలో ఒక పెళ్ళిలో వచ్చింది. తలంబ్రాలు అయ్యాయి, ఎవరో ఫోటోలు కావాలంటే తొందరలో కార్డు లాగేశాను. వెనక లైటు ఇంకా మిణుకుతూనే ఉంది, అంటే రాత పూర్తి కాలేదు. మళ్ళీ పెడితే "కార్డు ఎర్రర్, ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. గుండె జారిపోయింది. 430 ఫోటోలు. ఎందుకో ఆ క్షణంలో బుద్ధి పనిచేసి "వద్దు" నొక్కాను. కార్డు తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టి, మిగతా పెళ్ళి ఫోన్‌తో తీశాను. పోయిన ఫోటోలు తిరిగి రావాలంటే ఆ కార్డు మీద కొత్తగా ఒక్కటి కూడా తీయకూడదు. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇంటికెళ్ళి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ఏ ఫోటో ఎక్కడుందో కార్డు రాసుకునే పట్టికని అది నమ్ముకోదు, లోపలి డేటాలో ఫోటో మొదలయ్యే గుర్తుల్ని వెతికి ఒక్కొక్కటీ బయటికి లాగుతుంది. తిరిగొచ్చిన వాటిని ఆ కార్డు మీద కాకుండా కంప్యూటర్‌లో దాచాలి. పేర్లన్నీ పోయాయి, వరస పోయింది, కానీ 412 వచ్చాయి. రానివాటిలో పెళ్ళికూతురి పెదనాన్న ఒక్కరే ఉన్న ఫోటో ఉంది. ఆయన ఆ సంగతి మర్చిపోలేదు.

అప్పటి నుంచి కార్డుని ఎప్పుడూ కెమెరాలోనే ఫార్మాట్ చేస్తాను, కంప్యూటర్‌లో కాదు. కొత్త కార్డు కొంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, తిరిగి చదివిస్తాను. పైన 32 అని రాసి లోపల 4 జీబీ మాత్రమే ఉన్న కార్డు ఒకటి నాకు తగిలింది.

ఫోటోల్లో కనిపించే "జబ్బులు" చాలా వరకు జబ్బులు కావు. బొర్రా గుహల్లో ఫ్లాష్ వేసి తీస్తే ప్రతి ఫోటోలోనూ తెల్లటి గుండ్రాలు తేలుతూ వచ్చాయి. మా అత్తయ్య చూసి చేతులు జోడించింది. అవి గాలిలోని ధూళి, నీటి తుంపర. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి ముక్కు ముందున్న చుక్క మీద వెలుగు పడి, ఫోకస్ లేక పెద్ద గుండ్రంగా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపేసి, రెయిలింగ్ మీద పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో తీస్తే గుండ్రాలు పోయాయి, రాళ్ళ రంగులూ బాగా వచ్చాయి. అత్తయ్యకి మాత్రం మొదటి ఫోటోలే ఇష్టం.

సాయంత్రం సూర్యుడి వైపు తిప్పితే తెర మీద పై నుంచి కింది దాకా ఊదా రంగు గీత పడుతుంది. సీసీడీ సెన్సర్ స్వభావం అది. తెర మీదా వీడియోలోనూ కనిపిస్తుంది, ఫోటోలో రాదు. దాని కోసం రిపేరు షాపుకి వెళ్ళొద్దు. ఫోటోలన్నీ మంచు పట్టినట్టు ఉంటే ముందు లెన్స్ మీద వేలిముద్ర చూడండి. దగ్గరి వస్తువు మసకగా వస్తే పువ్వు గుర్తు నొక్కండి, జూమ్ పూర్తిగా వెనక్కి లాగి మీరే దగ్గరికి వెళ్ళండి. బటన్‌ని సగం నొక్కి ఆకుపచ్చ చట్రం వచ్చే దాకా ఆగకపోతే ఏ కెమెరా అయినా మసకగానే తీస్తుంది. ఫోన్‌కి అలవాటైన పిల్లలు ఈ సగం నొక్కుడు దగ్గరే తడబడతారు.

తేమని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మే నెలలో ఏసీ గదిలోంచి కెమెరాని బయటికి తేగానే అద్దం చెమర్చుతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి, బయట పావుగంట ఆగి తీయండి. లెన్స్ లోపలి అద్దం మీద సాలెగూడులా సన్నటి పోగులు కనబడితే అది బూజు, ఇంట్లో చేయగలిగిందేం లేదు. రాకుండా ఉండటానికి నేను స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెడతాను. బియ్యంలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. పెట్టకండి, ఆ పొడి లెన్స్ సందుల్లోకి పోతుంది.

ఇన్ని చెప్పాక, కొనమంటారా అంటే, ఏడున్నర వేలకి పదమూడేళ్ళు పనిచేసిన వస్తువుని తిట్టబుద్ధి కాదు. పగటి వెలుగులో చర్మం రంగు ఇప్పటికీ నా ఫోన్ కంటే దీంట్లోనే సహజంగా వస్తుంది. రాత్రి మాత్రం ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) 400 దాటితే ఫోటో అంతా రవ్వలే. ఫ్లాష్ మళ్ళీ సిద్ధం కావడానికి ఇప్పుడు ఎనిమిది సెకన్లు పడుతోంది. పాతది కొనేవాళ్ళు షాపులోనే పదిసార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్స్ శబ్దం వినండి, జూమ్ చివరి దాకా తీసుకెళ్ళండి, బ్యాటరీ గదిలో టార్చి వేయండి, తెల్ల గోడని ఒక ఫోటో తీసి నల్ల మచ్చలున్నాయేమో చూడండి. ఆ మోడల్ బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని కొందరు ఇలాంటివాటిని కొత్తదాని ధరకే అమ్ముతున్నారు. అంత పెట్టకండి.

మేనకోడలికి రెండు బ్యాటరీలు, 8 జీబీ కార్డు, రబ్బరు బుడగ, పౌచ్ అన్నీ సర్ది ఇచ్చాను. ఇసుకలో పెట్టొద్దని, లైటు మిణుకుతుంటే కార్డు తీయొద్దని రెండుసార్లు చెప్పాను. అరకు వెళ్ళి మూడు రోజుల్లో 143 ఫోటోలతో వచ్చింది. లెన్స్ బాగానే ఉంది, కార్డు బాగానే ఉంది. ఫోటోలన్నిటి మీదా తేదీ 2012 జనవరి 1.