నిజో ఎస్ 800: టైమ్‌ల్యాప్స్ కోసం కొనదగిన పాత సూపర్ 8 కెమెరా

8 మిల్లీమీటర్ల సూపర్ 8 ఫిల్ముతో టైమ్‌ల్యాప్స్ (ఆగి ఆగి ఒక్కో ఫ్రేము తీసి, నెమ్మది మార్పులను వేగంగా చూపే పద్ధతి) తీయాలనుకుంటున్నాం, ఏ కెమెరా కొనాలి అని అడిగేవారికి నేను మొదట చెప్పే పేరు బ్రౌన్ నిజో ఎస్ 800. బ్రౌన్ డిజైన్ విభాగంలో పనిచేసిన రాబర్ట్ ఓబర్‌హైమ్ రూపకల్పన చేసిన ఈ జర్మన్ కెమెరా 1970 నాటిది. దాని వెండిరంగు ఒంటిని చూసి అల్మారాలో అలంకారంగా పెట్టుకోవడానికి కొనేవారే ఇప్పుడు ఎక్కువ. దానికి నాకేమీ అభ్యంతరం లేదు గానీ, ఇక్కడ మాత్రం ఈ కెమెరాను టైమ్‌ల్యాప్స్ అనే ఒక్క పనికే పరిశీలిస్తున్నాను.

ముందుగా లెక్క చూసుకోవాలి. కోడాక్ 1965లో తెచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్ము ఉంటుంది. అడుగుకు 72 చొప్పున మొత్తం 3,600 ఫ్రేములు. సెకనుకు 18 ఫ్రేముల మామూలు వేగంతో తీస్తే 3 నిమిషాల 20 సెకన్లలో అది అయిపోతుంది. అదే కార్ట్రిడ్జ్ పది సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున 10 గంటలు, నిమిషానికి ఒకటి చొప్పున 60 గంటలు నడుస్తుంది. తెరమీద సెకనుకయ్యే ఖర్చు రెండింటికీ ఒకటే అయినా, ఫిల్ము కొని, కడిగించి, స్కాన్ చేయించే భారం తెలిసినవారికి ఆ సెకనులో ఎంత ప్రపంచం పడుతోందన్నది చిన్న విషయం కాదు. పది సెకన్ల షాటుకు 180 ఫ్రేములు చాలు. వానాకాలపు మబ్బులకు రెండు మూడు సెకన్ల అంతరం సరిపోతుంది. కోటగోడ మీద నీడ జరగడం చూపాలంటే నిమిషానికి ఒక ఫ్రేము పెట్టుకొని మూడు గంటలు ఓపిక పట్టాలి.

ఈ అంతరాన్ని నిర్ణయించే డయల్ కెమెరాలోనే ఉండడం ఎస్ 800లోని అసలు సుగుణం. వేరే టైమరు, తీగలు, పెట్టెలు అక్కర్లేదు. వేగంగా వరుస ఫ్రేములు తీయడం దగ్గర నుంచి నిమిషానికి ఒక్క ఫ్రేము దాకా అంతరాన్ని మార్చుకోవచ్చు. అయితే యాభై ఏళ్లు దాటిన ఎలక్ట్రానిక్ భాగాలను గుడ్డిగా నమ్మడం తెలివైన పని కాదు కాబట్టి, కార్ట్రిడ్జ్ వేయకముందే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని పది క్లిక్కులకు పట్టే కాలాన్ని కొలిచి, పదితో భాగించి చూసుకోవాలి.

అసలు చిక్కు వెలుతురు దగ్గర వస్తుంది. ఈ కెమెరాలో ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉంది. మామూలు చిత్రీకరణకు అది వరమే. గోల్కొండ బాలాహిస్సారు మీద నిలబడి మబ్బుల్ని తీస్తున్నారనుకోండి. సూర్యుడికి ఒక మబ్బు అడ్డం వచ్చిన ప్రతిసారీ వ్యూఫైండర్‌లో ఎపర్చర్‌ను చూపే ముల్లు 16 నుంచి 11కి, అక్కడి నుంచి 8 వైపుకి జరుగుతుంది (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). మబ్బు తొలగగానే వెనక్కి వస్తుంది. ఈ మార్పు ఒక్కొక్క ఫ్రేములో విడిగా పడడంతో, రీలు ఆడించినప్పుడు ఆకాశమంతా ట్యూబులైటు కొట్టుకున్నట్టు మినుకుమినుకుమంటుంది. అందువల్ల ఎపర్చర్‌ను చేత్తో ఒకచోట నిలిపి, మబ్బునీడలో ఫ్రేము కాస్త చీకటి పడినా పడనివ్వడమే మేలు. చూసేవారికి అది సహజంగానే అనిపిస్తుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో మాత్రం ఈ సూత్రం పనిచేయదు. అక్కడ వెలుతురును కొలిచే కెమెరా మీటరుకే పని అప్పగించి, కొంత మినుకును భరించక తప్పదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ అద్దంలోంచి లోపలికి పడే వెలుగు మీటరును తప్పుదారి పట్టిస్తుంది కనుక, కెమెరాను స్టాండు మీద వదిలి పక్కకు వెళ్లేటప్పుడు ఆ అద్దాన్ని నల్లగుడ్డతో కప్పాలి.

బ్యాటరీల విషయంలో కొనేవారు కాస్త ముందుచూపుతో ఉండాలి. మోటారుకు పిడిలో ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే సరిపోతుంది, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. మీటరుకు వేరుగా కావలసిన 1.35 వోల్టుల పాదరసపు సెల్లులు మాత్రం ఇప్పుడు తయారు కావడం లేదు. అదే కొలతలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేస్తే మీటరు తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 రకం జింక్ ఎయిర్ సెల్లును చిన్న రింగులో బిగించి వాడడం మెరుగైన మార్గం. వోల్టేజీ దగ్గరగా ఉంటుంది, వినికిడి యంత్రాలు అమ్మేచోట దొరుకుతుంది. స్టిక్కరు తీసి గాలి తగిలాక దాని ఆయుష్షు వారాల్లోనే ఉంటుంది గనుక అవసరమైన రోజునే తీయాలి.

ష్నైడర్ వేరియోగాన్ లెన్సు 7 నుంచి 80 మిల్లీమీటర్ల జూమ్, ఎపర్చర్ ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగడంలో ఇది నిజంగా గొప్పది. కానీ సూపర్ 8 ఫ్రేము వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపే కావడం వల్ల 7 మిల్లీమీటర్ల దగ్గర కూడా అడ్డంగా దాదాపు 45 డిగ్రీలే పడుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఆకాశాన్ని చూపాలనే కోరిక ఉంటే దాన్ని ఇక్కడే మానుకోవాలి. మరో పరిమితి కెమెరాది కాదు, కార్ట్రిడ్జ్‌ది: ఫిల్మును వెనక నుంచి అదిమి పట్టే పలక ప్లాస్టిక్‌ది కావడంతో బొమ్మ కొద్దిగా వణుకుతుంది. మనుషులు నడిచే షాటులో అది కంటికి ఆనదు. కదలని కొండ, కదిలే మబ్బు ఉన్న షాటులో వెంటనే తెలుస్తుంది. స్కాన్ అయిన తర్వాత కంప్యూటరులో దాన్ని చాలావరకు సరిచేయవచ్చు.

ఫిల్ముల్లో పగటి వెలుగుకు కోడాక్ విజన్3 50డీ ఉత్తమం. అది వేసినప్పుడు కెమెరాలోని నారింజరంగు ఫిల్టరు పక్కకు తప్పుకుందో లేదో చూసుకోవాలి. మన ఎండలో మసక వెలుతురుకు పనికొచ్చే 500టీ ఫిల్ము వేసి, వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు లేకుండా తీస్తే ఎపర్చర్ ఎంత మూసినా వెలుగు ఎక్కువవుతుంది. కడిగించడానికి ఫిల్మును విదేశానికి పంపేవారు పార్సిల్ మీద లోపల కడగని ఫిల్ము ఉందని స్పష్టంగా రాయాలి. చేత్తో విమానంలో తీసుకెళ్లేవారు సీటీ స్కానరులో పెట్టకుండా చేతి తనిఖీ అడగాలి.

కొనేముందు అమ్మేవారిని సెల్లులు వేసి చూపమని అడగండి. మోటారు తిరిగినంత మాత్రాన ఫ్రేముల మధ్య అంతరాన్ని నడిపే ఎలక్ట్రానిక్ భాగం పనిచేస్తున్నట్టు కాదు. కెమెరా తలుపు తెరిచి, డయల్‌ను నిమిషం వైపుకు తిప్పి, కనీసం ఐదారు క్లిక్కులు వినండి. ఫిల్మును కిందికి లాగే చిన్న గోరు ప్రతి క్లిక్కుకూ ఒక్కసారే కదలాలి. రెండుసార్లు కదిలినా, మధ్యలో ఆగిపోయినా ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మీటరు పనిచేయకపోతే మాత్రం బేరమాడి తీసుకోవచ్చు, ఎందుకంటే విడిగా ఒక లైట్ మీటరో, ఫోన్‌లోని యాప్‌నో చూసి ఎపర్చర్‌ను చేత్తో పెట్టుకోవచ్చు.