ఎపాక్సీయా, పాలియెస్టరా: ఎనిమిదేళ్లు, పదకొండు సర్ఫ్‌బోర్డులు

విశాఖలో సొంతంగా సర్ఫ్‌బోర్డు చేసుకోవాలనుకునే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ రెసిన్ కొనాలని. బోర్డు లోపలి ఫోమ్ మీద గాజు క్లాత్‌ను అతికించి గట్టిపడే ద్రవమే రెసిన్; ఎపాక్సీ, పాలియెస్టర్ అందులో రెండు రకాలు. లోపల ఏ ఫోమ్ పెడుతున్నారని నేను తిరిగి అడుగుతాను. ఎనిమిదేళ్లలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండు బోర్డులు చేశాను. ఏడు థర్మోకోల్ మీద ఎపాక్సీతో, నాలుగు పాలీయూరితేన్ ఫోమ్ మీద పాలియెస్టర్‌తో. అన్నీ రుషికొండ అలల మీద నేనే వాడాను. వాటిలో ఆరు ఇప్పటికీ నీళ్లలోకి వెళ్తున్నాయి.

ఈ పదకొండింటి లెక్కలోకి రానిది ఒకటుంది. ఫిషింగ్ హార్బర్ వైపు ఫైబర్ పడవలు చేసే షెడ్లలో పాలియెస్టర్ రెసిన్ డబ్బాల కొద్దీ వాడతారు. అది చవక, చేతికి అందేది. అక్కడి నుంచే తెచ్చి, మూడు వారాలు కూర్చుని చెక్కుకున్న థర్మోకోల్ బోర్డు మీద పోశాను. పోసిన చోటల్లా చిన్నగా బుసబుసమంటూ ఫోమ్ కుంగిపోయింది. అరచెయ్యి పట్టేంత గుంట, దాని అడుగున తెల్లటి జిగురు. పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. మర్నాడు ఆ ముక్క తీసుకెళ్లి పడవల మేస్త్రికి చూపిస్తే, ఆయన వేలితో గుంట తడిమి, "కొనేటప్పుడే ఒక్క మాట అడిగి ఉండాల్సింది బాబూ, థర్మోకోల్ దీనికి ఆగదు" అన్నారు. ఆ తర్వాత నాకు రెసిన్ పని నేర్పింది ఆయనే.

కాబట్టి థర్మోకోల్ అయితే ఎపాక్సీ తప్ప దారి లేదు. పాలీయూరితేన్ ఫోమ్ అయితే రెండూ పనికొస్తాయి. ఆ ఫోమ్ ఇక్కడ దొరకడమే కష్టం. నా ఫోమ్‌లన్నీ విదేశాల నుంచి వచ్చినవే, రవాణా ఖర్చు ఫోమ్ ధరను మించిపోయింది. థర్మోకోల్ ఊళ్లోనే దొరుకుతుంది కానీ టీవీ పెట్టెల్లో వచ్చే రకం పనికిరాదు. ఘనపు మీటరుకు 25 నుంచి 30 కిలోలు తూగే దిమ్మ కావాలని చెప్పి కోయించుకోవాలి. కాలిఫోర్నియాలో బోర్డులు చేసే హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ 1950ల చివర్లో పాలీయూరితేన్ ఫోమ్‌ను నిలబెట్టాక, దాదాపు అర్ధ శతాబ్దం బోర్డంటే ఆ ఫోమ్, పాలియెస్టర్ జోడీయే. 2005 డిసెంబరు 5న ఆ ఫోమ్ చేసే క్లార్క్ ఫోమ్ కర్మాగారం ఉన్నట్టుండి మూతపడ్డాక చాలామంది థర్మోకోల్, ఎపాక్సీల వైపు తిరిగారు. మనకైతే ఫోమ్ దొరికే తీరే ఆ నిర్ణయం చేసేస్తోంది.

ఇక వాతావరణం. నేను ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. ఎపాక్సీ ఆరేటప్పుడు గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పైన సన్నటి మైనం లాంటి పొర తేలుతుంది. కంటికి సరిగ్గా కనిపించదు, వేలు జారుతుంది. ఆగస్టులో చేసిన నాలుగో బోర్డుకు అది గమనించకుండా రెండో పూత వేశాను. రెసిన్ తామరాకు మీద నీళ్లలా విడివిడిగా ముడుచుకుపోయింది. ఆ పొర నీటిలో కరుగుతుంది కాబట్టి ముందు నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో శుభ్రంగా కడగాలి. ఆరాకే ఎమరీ పేపరు పట్టాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డును బోర్డంతా పులిమినట్టే. ఇప్పుడు మొదటి పూత ఇంకా వేలికి కాస్త అంటుకుంటూ ఉండగానే రెండోది వేసేస్తున్నాను. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కడిగే పని ఉండదు.

థర్మోకోల్‌తో ఇంకో చిక్కుంది. ఎండ పెరిగే వేళ రెసిన్ వేస్తే లోపలి గాలి వ్యాకోచించి పైకి తన్నుకొస్తుంది, పూత నిండా సూదిబెజ్జాలు. వేడి తగ్గే వేళ వేస్తే ఫోమే రెసిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అంటే సాయంత్రం చేయాలి. మన తీరంలో సాయంత్రమైతే తేమ పెరుగుతుంది! ఈ రెండింటి మధ్య నేను కనుక్కున్న సందు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మధ్యాహ్నం మూడు గంటల వేళ. మిగతా నెలల్లో ఫోమ్ చెక్కుకుంటాను, ఎపాక్సీ ముట్టుకోను.

పాలియెస్టర్‌కు ఈ బాధ తక్కువ. దాన్ని గట్టిపరచడానికి కలిపే ద్రవం, క్యాటలిస్ట్, ఒకటి నుంచి రెండు శాతం మధ్య, ఎండను బట్టి సర్దుకోవచ్చు. వేసవిలో నేను ఒక శాతం దాటను. గంటలో గట్టిపడుతుంది, చివరి పూత ఆ రోజే రుద్దుకోవచ్చు. అయితే గాలి తగిలే వైపు అది పూర్తిగా ఆరదు, జిగటగానే ఉంటుంది. క్లాత్ అతికే పూతకు ఆ జిగటే మేలు, పై పూత దాన్ని పట్టుకుంటుంది. రుద్దాల్సిన చివరి పూతలో మాత్రం స్టైరీన్‌లో కరిగించిన పారఫిన్ మైనం కలపాలి. అది పైకి తేలి గాలి తగలకుండా మూస్తుంది.

మేస్త్రి ఎంతో గట్టిగా చెప్పిన మాట ఇక్కడ రాయకుండా ఉండలేను. రెసిన్ గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ క్యాటలిస్ట్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. మంట లేస్తుంది, పేలిపోవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. ఆయన షెడ్డులో ఆ రెండు సీసాలూ ఎదురెదురు గోడల దగ్గర ఉంటాయి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి.

ఎపాక్సీలో అలాంటి సర్దుబాటు కుదరదు. నేను వాడేది బరువులో 100 గ్రాముల రెసిన్‌కు 10 గ్రాముల హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే ద్రవం) కలిపే రకం. త్వరగా ఆరాలని ఎక్కువ పోస్తే ఆ మిగులు హార్డెనర్ లోపలే ఉండిపోయి బోర్డు మెత్తబడుతుంది. గ్రాము దాకా చూపే కాటా కొనండి, కళ్లతో కొలవకండి. ఒక వేసవిలో అరకిలో కలిపి, ఫోన్ మోగితే మగ్గు పక్కన పెట్టాను. తిరిగి వచ్చేసరికి పొగ, మగ్గు అడుగు కరిగి కారుతోంది. కుప్పగా ఉన్న ఎపాక్సీ తన వేడికి తానే ఉడికిపోతుంది. రెండు వందల గ్రాముల చొప్పున కలిపి, కలిపిన వెంటనే బోర్డు మీద పరిచేయాలి.

వాసన విషయంలో చాలామంది పొరబడుతున్నారు. పాలియెస్టర్ ఘాటుకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు, మనమూ మాస్కు వేసుకుంటాం. ఎపాక్సీకి పెద్దగా వాసన ఉండదు, అందుకే అజాగ్రత్తగా ఉంటాం. మూడో ఏడు నా మణికట్టు చుట్టూ ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. చర్మం ఒకసారి ఎపాక్సీకి ఎదురుతిరిగితే ఆ తర్వాత కొద్దిగా తగిలినా ఊరుకోదు. ఇప్పుడు నైట్రైల్ గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేనిదే డబ్బా తెరవను. అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో తుడిస్తే చర్మంలోకి ఇంకా లోతుగా పోతుంది. సబ్బుతోనే కడగాలి.

నీళ్లలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఎపాక్సీ బోర్డు తేలిక, బలహీనమైన అలను కూడా ముందే అందుకుంటుంది. నిలబడినప్పుడు మడమలు నొక్కి పడే గుంటలు తక్కువ. ఆరేళ్ల నాటి మూడో బోర్డు పైన ఈరోజుకీ రెండే రెండు పల్లాలు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి నీళ్లు గరుకెక్కాక మాత్రం అది కాళ్ల కింద కటకటలాడుతుంది. అప్పుడు పాలియెస్టర్ బోర్డు బరువుగా, స్థిమితంగా సాగుతుంది. నాకు ఆ సాగే తీరే ఎక్కువ ఇష్టం.

చిల్లు పడితే ఎపాక్సీ బోర్డుకే ముప్పు ఎక్కువ. పూసల మధ్య సందుల్లోంచి థర్మోకోల్ నీళ్లు తాగుతుంది. ఒకసారి వెంట్రుకవాసి పగులు చూడకుండా వారం వాడితే బోర్డు బరువు నాలుగు వందల గ్రాములు పెరిగింది. ముక్కు కిందికి పెట్టి నిలబెడితే పదిహేను రోజులు చుక్కలు కారాయి. మే నెలలో కారు లోపల వదిలేసిన ఇంకో బోర్డు పైపొర అరచేతి వెడల్పున ఊడి బొబ్బలా లేచింది. పాలీయూరితేన్ బోర్డు కూడా ఎండకు పసుపెక్కుతుంది కానీ నీళ్లను ఇంతగా పీల్చదు.

ఖర్చు చెప్పాలంటే, నేను కొన్న ధరల్లో ఎపాక్సీ కిలో పాలియెస్టర్‌కు మూడింతలు. పడవలకు వాడే గ్లాస్ మ్యాట్ (నేయకుండా గాజు పోగులు అతికించిన చాప) మిగిలింది కదా అని ఎపాక్సీతో వేయకండి. ఆ మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో బిర్రుగా తెల్లగా ఉండిపోతుంది. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే (200 జీఎస్ఎం) నేసిన గాజు క్లాత్ రెండింటికీ సరిపోతుంది. మరమ్మతులకు నా సంచిలో ఎపాక్సీ ఒక్కటే ఉంటుంది. అది పాలియెస్టర్ బోర్డుకు కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ వేస్తే నాలుగు వారాల్లో పెచ్చులా లేచిపోయింది.

మొదటి బోర్డు చేసేవాళ్లకు నా సలహా థర్మోకోల్, ఎపాక్సీ, జనవరి నెల. నా దగ్గర ఆఖరి పాలీయూరితేన్ ఫోమ్ ఒకటి మిగిలింది, ఆరడుగుల రెండంగుళాలది. దానికి పాలియెస్టరే వేస్తాను, మేస్త్రి షెడ్డులో, ఆయన పక్కన ఉండగా.