ఆడ రెడ్ నీ టారంటులా కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

నేను కొన్న ఆడ రెడ్ నీ, అంటే మోకాళ్ళు ఎర్రగా ఉండే పెద్ద సాలీడు, నిన్న రాత్రి చచ్చిపోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

"ఇంట్లో పుట్టిన పెద్ద ఆడ రెడ్ నీ, బ్రీడింగ్‌కి రెడీ" అని పదే పదే ప్రకటనలు పెడుతుంటాడే, ఆయన దగ్గరే కొన్నాను. పేరు రాయను, టారంటులాలు పెంచేవాళ్ళకి ఎవరో అర్థమైపోతుంది. నా దగ్గర రెడ్ నీ (శాస్త్రీయ నామం బ్రాకీపెల్మా హమోరీ) మగది ఉంది. గోరంత పిల్లగా తెచ్చి ఏళ్ళ తరబడి సాకాను. ఈ మధ్యే చివరి కుబుసం విడిచింది, ముందు కాళ్ళకి కొక్కేలు వచ్చాయి, అంటే జత కట్టే వయసుకి వచ్చినట్టు. ఆ తర్వాత మగది బతికేది ఏడాది, కాస్త అటూ ఇటూ. ఆ తొందరలో ఆడదాన్ని వెతికాను. ఆ తొందరే నా కొంప ముంచింది.

వచ్చిన రోజే నాకు అనుమానం రావాల్సింది. పొట్ట మీద వెంట్రుకలు రాలి బోడిగా ఉంది. సరే, అది ఇంట్లో పెరిగినవాటికీ ఉంటుంది. కానీ ఒక కాలు మిగతావాటికన్నా సన్నగా, పొట్టిగా ఉంది. ఎప్పుడో తెగి మళ్ళీ మొలిచిన కాలు. అడిగితే "ప్రయాణంలో బెదిరింది, రెండు వారాలు వదిలేయండి" అన్నాడు. నమ్మాను. కీచురాయి వేస్తే ముట్టలేదు, బొద్దింక వేస్తే ముట్టలేదు. రెడ్ నీలు నెలల తరబడి తినకుండా ఉంటాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పదో రోజు నీళ్ళ గిన్నె మీద వాలి కదలకుండా కూర్చుంది. టార్చి వేసి చూస్తే కోరల మధ్య తెల్లగా, జిగురుగా ఏదో ఉంది. మూత తీస్తే కుళ్ళు వాసన. భూతద్దంతో చూస్తే ఆ తెలుపు కదులుతోంది. నెమటోడ్లు. నోట్లో చేరి తిండి తిననివ్వని సన్నటి పురుగులు. వీటికి నమ్మదగిన మందు లేదు.

వీడియో తీసి ఆయనకి పంపాను. చూసినట్టు కనిపించింది, గంట దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన జవాబు ఇది: "సాలీడే కదండీ, ఇంకోటి పంపిస్తా. ఆ అడవి లాట్‌లోవి ఇంకా ఉన్నాయి."

అడవి లాట్! అంటే అడవిలోంచి పట్టి తెచ్చినవి.

ఇంట్లో పుట్టిందన్నారు కదా అని అడిగాను. "అలా అనకపోతే మీరు కొంటారా?" అన్నాడు.

పురుగులు పడిన నోరు చూసినప్పుడు కూడా నాకు ఇంత బాధ కలగలేదు. ఈ సాలీడు మెక్సికోలో, పసిఫిక్ తీరం వైపు మాత్రమే బతుకుతుంది. ఆడది గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఏళ్ళు పడుతుంది. వచ్చాక ఇరవై ఏళ్ళు దాటి కూడా బతకగలదు, ఒక్కో గుడ్ల సంచిలో వందల పిల్లలు పుడతాయి. అలాంటిదాన్ని బొరియలోంచి తవ్వి తీస్తే అన్నేళ్ళ పిల్లలూ పోయినట్టే. బ్రాకీపెల్మా జాతులన్నీ సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నది ఇందుకే, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. అడవి జోలికి ఎవరూ పోకూడదనే కదా మనం ఇళ్ళలో బ్రీడింగ్ చేసేది? నేను ఇచ్చిన డబ్బు ఆ తవ్వేవాళ్ళకే చేరింది. ఆయన ఇంకోటి పంపిస్తానన్నాడు, వద్దన్నాను.

నా తప్పూ ఉంది. కాగితాలు అడగలేదు. ఆడదేనని తేల్చుకోడానికి కుబుసం అడిగితే ఫొటో పంపాడు, అది దీనిదేనా అని ఆలోచించలేదు. అన్నిటికన్నా ఘోరం, దాని డబ్బాని మిగతావాటితో ఒకే అరలో పెట్టాను. ఫోరిడ్ ఈగలు (కుళ్ళిన వాటి మీద వాలే చిన్న ఈగలు) ఈ పురుగుల్ని ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి మోయగలవంటారు. ఇప్పుడు అన్నిటికీ మట్టి మారుస్తున్నాను, ప్రతి నోరూ చూస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర లేదు. మగదేమో రాత్రంతా డబ్బాలో తిరుగుతూనే ఉంది.

కొనేవాళ్ళకి ఒక మాట. పిల్లలు ఎప్పుడు బయటికొచ్చాయో, తల్లిదండ్రులు ఏవో అడగండి. ఫొటో కాదు, విడిచిన కుబుసమే కావాలనండి. కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచండి. ఆయన దగ్గర ఈ మధ్య కొన్నవాళ్ళుంటే మాత్రం ఈ రాత్రే టార్చి వేసి కోరల మధ్య చూడండి, తెల్లగా ఏది కనిపించినా ఆ డబ్బాని వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టేయండి.