80 డాలర్ల పార్క్ పాస్: ఎనిమిదేళ్లు వాడాక

మా కారు డ్యాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల పక్కనే ఒక కార్డు ఉంటుంది. దాని పేరు 'అమెరికా ద బ్యూటిఫుల్' పాస్, అంటే అమెరికా నేషనల్ పార్కుల్లోకి వెళ్లడానికి ఏడాది పాటు పనిచేసే ప్రవేశ కార్డు. మొదటిది 2018 జూన్‌లో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ గేటు దగ్గర కొన్నాం. అప్పటి నుంచి ఆరు కార్డులు మారాయి. మేముండేది డెన్వర్ శివార్లలో. ఇండియా నుంచి అత్తయ్య, మావయ్య వచ్చినా, పిల్లలకి సెలవులు వచ్చినా మా ఇంట్లో ముందు వెతికేది ఆ కార్డునే. ఈ వేసవిలో కొండల వైపు ట్రిప్ అనుకుంటున్న తెలుగువాళ్లకి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఏడాదికి 80 డాలర్లు. కారులో ఎంతమంది ఉన్నా ఒక్క కార్డు చాలు. మనిషికి ఇంత అని తీసుకునే చోట్ల నలుగురు పెద్దవాళ్ల వరకు పనిచేస్తుంది, 16 ఏళ్ల లోపు పిల్లలకి ఎలాగూ టికెట్ లేదు. 2019లో మేము ఒకే ట్రిప్‌లో ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ చూశాం, ఒక్కోదానికి కారుకి 35 డాలర్లు. అదే ఏడు రాకీ మౌంటెన్‌కి వారం టికెట్ తీసుకుని ఉంటే అదొక 35. అంటే మూడో పార్క్‌తోనే పాస్ డబ్బు తిరిగొచ్చేసింది. ఏడాదికి ఒక్క పార్కే చూసేవాళ్లు మాత్రం దీన్ని కొనక్కర్లేదు, ఆ పార్క్ టికెట్ కొనుక్కుంటే చాలు.

కొన్న నెల ఏదైతే, మళ్లీ ఏడాది ఆ నెలాఖరు దాకా కార్డు చెల్లుతుంది. అందుకే నేను ఎప్పుడూ నెల మొదట్లోనే కొంటాను, దాదాపు పదమూడు నెలలు వస్తుంది. మా పాత కార్డుల వెనక ఇద్దరు సంతకం పెట్టే చోటు ఉంది. ఒక గీత మీద నేను, రెండో గీత మీద మా ఆయన పెట్టాం. గేటు దగ్గర రేంజర్ కార్డుతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ కూడా చూపించమంటారు, సంతకం ఎవరిదో వాళ్లే కారులో ఉండాలి. పోగొట్టుకుంటే మళ్లీ డబ్బు కట్టి కొత్తది కొనుక్కోవాల్సిందే.

2026 నుంచి లెక్క మారింది. ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి 80 డాలర్లే. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లకి ఏడాది పాస్ 250. ఆ పాస్ లేకుండా వచ్చే విదేశీయులు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, జయాన్, రాకీ మౌంటెన్ లాంటి 11 పెద్ద పార్కుల్లో మామూలు టికెట్ మీద మనిషికి ఇంకో 100 డాలర్లు కట్టాలి. హైదరాబాద్ నుంచి నేరుగా టూర్‌గా వచ్చే కుటుంబాలు ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. నలుగురు పెద్దవాళ్లు రెండు పార్కులు చూసినా ఈ అదనమే 800 అవుతుంది, ఆ లెక్కన 250 పాసే మేలు.

ఇక అసలు విషయం. ఈ పాస్ మనల్ని డబ్బు కట్టే గేటు మాత్రమే దాటిస్తుంది. ట్రిప్ ప్లాన్ అంటే ఇది కాదు. ఈ సంగతి మాకు 2021 జూలైలో తెలిసొచ్చింది. ఇద్దరు పిల్లలతో, పక్కింటి కుటుంబంతో కలిసి రెండు కార్లలో రాకీ మౌంటెన్‌లోని బేర్ లేక్ సరస్సు చూద్దామని బయల్దేరాం. గేటుకి చేరేసరికి ఉదయం పది. పాస్ చూపించాం. "టైమ్డ్ ఎంట్రీ ఉందా?" అని అడిగారు. ఆ మాట వినడం అదే మొదటిసారి. వేసవిలో రాకీ మౌంటెన్‌కి వెళ్లే కార్లు ముందే వెబ్‌సైట్‌లో టైమ్ బుక్ చేసుకోవాలి, పాస్ ఉన్నా సరే. బేర్ లేక్ రోడ్డుకైతే ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా ఆ బుకింగ్ తప్పనిసరి. ఫీజు రెండే డాలర్లు, కానీ అది లేకపోతే వెనక్కి తిరగాల్సిందే. తిరిగాం. తప్పు మాదే, చదువుకోకుండా వచ్చాం. పిల్లల మొహాలు చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎస్టెస్ పార్క్ ఊళ్లో మధ్యాహ్నమంతా గడిపి సాయంత్రం ఆరు దాటాక మళ్లీ వెళ్లాం. పార్క్ లోపలే ఉన్న మొరైన్ పార్క్ పచ్చికలో ఎల్క్‌లు, అంటే పెద్ద జింకలు, మందగా మేస్తున్నాయి. జనం లేరు, ఎండ లేదు. ఇప్పుడు పగలు బుకింగ్ దొరక్కపోతే ఎవరికైనా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లమనే చెప్తాను.

ఈ నిబంధన ప్రతి పార్క్‌లో ఒకలా ఉండదు, ఏటా మారుతుంది కూడా. అందుకని తారీఖులు అనుకోగానే మేము చేసే మొదటి పని ఆ పార్క్ అధికారిక పేజీలో ఆ ఏడాది రిజర్వేషన్ ఉందో లేదో చూడటం. రెండోది గది. ఎల్లోస్టోన్ లోపలి లాడ్జిలకి ఏడాది ముందే బుకింగులు మొదలవుతాయి, వేసవి గదులు త్వరగా అయిపోతాయి. బయట ఉంటే రోజూ రాకపోకలకే గంటలు పోతాయి. లోపల పెద్ద రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు, స్పీడ్ ఎక్కువలో ఎక్కువ 45. మ్యాప్‌లో దగ్గరగా కనిపించేవన్నీ దూరమే. రెండు రోజుల్లో చూసేద్దాం అనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్తాను, నాలుగు రోజులైనా పెట్టుకోండి.

పైగా మధ్యలో బైసన్‌లు, అంటే అమెరికా అడవిదున్నలు, వస్తాయి. హేడెన్ లోయలో మా ముందు ఇరవై కార్లు ఆగిపోయాయి. మంద రోడ్డు దాటుతోంది. ఒకటి మా కారు పక్కనుంచే నడిచింది, అద్దం దింపి ఉంటే చెయ్యి తగిలేది. జూన్ కదా, చలికాలపు బొచ్చు పేలికలు పేలికలుగా ఊడి భుజాల మీద వేలాడుతోంది. దాని కన్ను మా వాడి మొహం అంత ఎత్తులో ఉంది. వాడు ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ముప్పావు గంట ఎవరూ హారన్ కొట్టలేదు. ఆ ముప్పావు గంటలోనే పొద్దున చేసుకున్న పులిహోర డబ్బా ఖాళీ అయింది. కారు బయట ఉన్నప్పుడు బైసన్‌కి 25 గజాలు, ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాలు దూరం ఉండాలి. తినే సామాను రాత్రి బయట వదలకూడదు, వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి. ఇది ఆవకాయ సీసాకీ వర్తిస్తుంది.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఎత్తు గురించి ఆలోచించాలి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 2023 జూలైలో అత్తయ్య, మావయ్య డెన్వర్‌లో దిగిన మూడో రోజే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డుకి బయల్దేరాం. ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది, మన తిరుమల కొండకి దాదాపు నాలుగు రెట్లు. చాలాచోట్ల అంచున పిట్టగోడ కూడా ఉండదు. పైన విజిటర్ సెంటర్ దగ్గర దిగి పది అడుగులు వేశాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, తల దిమ్ముగా ఉంది, కాస్త ఆగు" అన్నారు. ఆవిడ వేళ్లు చల్లగా అయిపోయాయి. కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి, వెంటనే కిందికి దిగిపోయాం. ఎస్టెస్ పార్క్ చేరేసరికి తేరుకున్నారు. మావయ్యకి బీపీ ఉంది, ఆయనకి ఏమీ కాకపోవడం మా అదృష్టం. ఇప్పుడైతే ఇండియా నుంచి వచ్చినవాళ్లని వారం రోజులు ఇంట్లో ఉంచి, డాక్టర్‌ని అడిగి, ఒక రాత్రి ఎస్టెస్ పార్క్‌లో పడుకోబెట్టి, ఆ తర్వాతే పైకి తీసుకెళ్తాం. వేసవిలో మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు మామూలే, చెట్లు లేని ఎత్తుల నుంచి పన్నెండు లోపు దిగిపోవడం మంచిది. ఆ రోడ్డు మంచు వల్ల మే ఆఖరు దాకా మూసే ఉంటుంది, ఏప్రిల్‌లో వచ్చేవాళ్లు దాన్ని ప్లాన్‌లో పెట్టుకోవద్దు.

పాస్ చెల్లని చోట్లు కూడా చెప్పాలి. యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ నవాహో అనే ఆదివాసీ తెగ వాళ్ల భూములు, అక్కడ ఇది పనిచేయదు. వేగస్ ట్రిప్‌లో మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. మౌంట్ రష్‌మోర్‌లో ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి విడిగా కట్టాలి. స్టేట్ పార్కులకి చెల్లదు. క్యాంపింగ్, మీసా వెర్డేలో రేంజర్ టూర్లు కూడా వేరే డబ్బే.

మా వాడు నాలుగో తరగతిలో ఉన్న ఏడాది మేము పాస్ కొనలేదు. నాలుగో తరగతి పిల్లలకి సెప్టెంబర్ నుంచి ఆగస్టు దాకా ఉచితంగా ఇస్తారు, దాంతో కారులో కుటుంబమంతా వెళ్లొచ్చు. ఆ ఏడు గ్రేట్ శాండ్ డ్యూన్స్‌కి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఆ కార్డు వాడే చాచి ఇచ్చాడు. లోపల పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం నింపి, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేసి బ్యాడ్జి తీసుకున్నాడు. ఇంట్లో ఇప్పుడు అలాంటివి తొమ్మిది ఉన్నాయి, చెల్లిని చెయ్యి పెట్టనివ్వడు. ఆ ఇసుక మధ్యాహ్నం కాళ్లు కాలిపోయేంత వేడెక్కుతుంది, పొద్దున్నే వెళ్లండి, బూట్లు విప్పొద్దు.

లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పార్క్ సర్వీసు వాళ్ల యాప్‌లో ఆ పార్క్‌ని, గూగుల్ మ్యాప్‌లో ఆ ప్రాంతాన్ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి. బుకింగ్ కాగితం ప్రింట్ తీసుకోండి. మేము ఈసారి సెప్టెంబర్‌లో గ్లేషియర్ నేషనల్ పార్క్ అనుకుంటున్నాం. గది దొరికింది. అత్తయ్య మళ్లీ వస్తానన్నారు, అక్కడి రోడ్డు ఎక్కే లోగన్ పాస్ అనే కనుమ 6,646 అడుగులే అని తెలిశాక.